గేరు పడటం లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఈ లింకు చూడండి

ఫస్ట్ గేరు పడాలంటే రెండుసార్లు తోయాలి. సెకండ్ అనుకుని లాగితే ఫోర్త్ పడుతుంది. రివర్స్ వేసేసరికి వెనక బండ్లవాళ్లు హారన్లు మొదలుపెడతారు. పదేళ్లు దాటిన మాన్యువల్ కారు నడిపేవారికి ఈ ఇబ్బందులు కొత్త కాదు. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మొదటి మాటా కొత్త కాదు: ‘గేర్‌బాక్స్ దించాలి సార్’.

గేర్‌బాక్స్ దించాక పని దానితో ఆగదు. కూలీకి తోడు క్లచ్ ప్లేటు, సింక్రో రింగులు, ఆయిల్ సీళ్లు ఒక్కొక్కటిగా బిల్లులో చేరతాయి. మొత్తం సులువుగా పదుల వేలకు వెళ్తుంది. లోపం నిజంగా బాక్సు లోపలే ఉంటే ఆ ఖర్చు తప్పదు. కానీ చేతిలోని గేర్ రాడ్డుకూ, బానెట్ కింద ఉన్న గేర్‌బాక్సుకూ మధ్య ఒక లింకు ఉంటుంది. అది అరిగినా, లెక్క తప్పినా కనిపించే లక్షణాలు దాదాపు ఇవే. అప్పుడు పని కొన్ని వందల రూపాయల బుష్‌తోనో, గంటసేపు చేసే సర్దుబాటుతోనో అయిపోతుంది. ఈ రెండింటిలో ఏది తన సమస్యో తెలియకుండా షెడ్డు మెట్లెక్కడం కారు యజమానికి ఖరీదైన వ్యవహారం.

రాడ్డుకూ బాక్సుకూ మధ్య ఏముంది?

బొలెరో, జిప్సీ లాంటి వెనక చక్రాలకు శక్తినిచ్చే బండ్లలో గేర్‌బాక్స్ డ్రైవరు పక్కనే, నేల కింద ఉంటుంది. గేర్ రాడ్డు నేరుగా దాని నెత్తిన కూర్చుంటుంది. మధ్యలో పెద్దగా లింకు ఉండదు, కాబట్టి సర్దుబాటు చేయడానికీ పెద్దగా ఏమీ ఉండదు. రాడ్డు అడుగున ఉండే ప్లాస్టిక్ గిన్నె అరిగితే అది మార్చడమే.

ముందు చక్రాల కార్లలో అలా కాదు. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ బానెట్ కింద అడ్డంగా ఉంటాయి. డ్రైవరు చెయ్యి ఎక్కడో వెనక ఉంటుంది. ఆ చేతి కదలికను ముందుకు చేరవేయాలి. ఆ కదలిక ఒకటి కాదు, రెండు. రాడ్డును కుడి ఎడమలకు జరిపితే ఏ వరుసలోకి వెళ్లాలో నిర్ణయమవుతుంది: ఒకటి-రెండు, మూడు-నాలుగు, లేదా ఐదో గేరున్న వరుస. ముందుకు వెనక్కు జరిపితే ఆ వరుసలోని గేరు పడుతుంది. మొదటిదాన్ని సెలెక్ట్ అనీ, రెండోదాన్ని షిఫ్ట్ అనీ అంటారు.

ఈ రెండు కదలికలనూ చేరవేయడానికి ఒకప్పుడు ఇనుప రాడ్లు వాడేవారు. మారుతి 800 తరానిది ఆ పద్ధతే. దానికి తోబుట్టువు లాంటి సుజుకి మెహ్రాన్ పాకిస్తాన్‌లో 2019 వరకు తయారైంది. మారుతి 800 తయారీ మన దేశంలో 2014లోనే ఆగింది. కాబట్టి సరిహద్దుకు అటూ ఇటూ మెకానిక్కులు దశాబ్దాలపాటు ఒకే రకం రాడ్డు జాయింట్లతో కుస్తీ పట్టారన్నమాట. ఇప్పటి కార్లలో ఎక్కువగా రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి సెలెక్ట్‌కు, ఇంకోటి షిఫ్ట్‌కు. సైకిల్ బ్రేకు కేబుల్ లాగడం మాత్రమే చేస్తుంది. ఈ కేబుల్ లాగుతుంది, తోస్తుంది కూడా. అందుకే మందంగా ఉంటుంది.

రాడ్లకంటే ముందు కథ ఇంకా గజిబిజి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలలో చాలాకాలం గేరు స్టీరింగ్ పక్కన ఉండేది. అక్కడి నుంచి కిందికి దిగి, మలుపులు తిరిగి, బాక్సును చేరేసరికి ఎన్నో జాయింట్లు. ప్రతి జాయింటూ కాస్త కాస్త వదులైతే చివరికి రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోయేది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, ఒక లివర్‌ను చేత్తో లాగి మళ్లీ ఎక్కేవాడు. ముంబయిలో పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. వాటిని నడిపినవారికి గేరు లింకేజీ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపాలి. క్లచ్ పూర్తిగా తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటే వేసి చూడాలి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కే ఉంచి, మళ్లీ వేయాలి.

ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు హాయిగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం మొరాయిస్తే అనుమానం లింకేజీ మీద కాదు, క్లచ్ మీద. క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. క్లచ్ కేబుల్ సాగిపోయి ఉండొచ్చు, హైడ్రాలిక్ రకమైతే సిలిండర్ కారుతుండొచ్చు. ఇలాంటి బండికి గేరు కేబుళ్లు ఎన్నిసార్లు సర్దినా ఉపయోగం లేదు.

ఇంజిన్ ఆపినా గట్టిగానే ఉంటే లింకేజీని చూడాలి. ఒక జాగ్రత్త: ఆగి ఉన్న బండిలో లోపలి పళ్లు ఎదురెదురుగా వచ్చి ఒకటి రెండుసార్లు గేరు పడకపోవడం మామూలే. బండిని అంగుళం అటూ ఇటూ కదిలిస్తే పడుతుంది. దాన్ని లోపం కింద లెక్కపెట్టకూడదు.

ఒకే ఒక్క గేరు, ఉదాహరణకు సెకండ్, బండి నడుస్తుండగా వేసినప్పుడు మాత్రమే గర్రుమంటే అది చాలావరకు బాక్సు లోపలి సింక్రో అరుగుదల. మెకానిక్ ‘దించాలి’ అంటే వినాల్సిన సందర్భం ఇది. ఒక వరుస మొత్తం, అంటే ఐదు, రివర్స్ ఉన్న వైపు మొత్తం దొరకడం లేదంటే సెలెక్ట్ కేబుల్ వైపు చూడాలి. రాడ్డు చివర పట్టుకుని ఊపితే చేటలా ఊగుతుంటే, న్యూట్రల్‌లో వదిలినప్పుడు మూడు-నాలుగు వరుసకు దానంతటది రాకపోతే, బుష్‌లు అరిగాయని దాదాపు తేల్చేయొచ్చు.

అసలు తీర్పు చెప్పే పరీక్ష ఇంకోటి ఉంది. ఇది అడిగి చేయించుకోవాలి. గేర్‌బాక్స్ దగ్గర రెండు కేబుళ్ల కొసలనూ విప్పేసి, బాక్సు మీద ఉండే లివర్‌ను చేత్తో కదిపి అన్ని గేర్లూ వేసి చూడటం. అక్కడ మెత్తగా, స్పష్టంగా పడుతుంటే బాక్సులో గట్టిదనం లేదు. తర్వాత లోపల కూర్చుని, విప్పి ఉన్న కేబుళ్లతోనే గేర్ రాడ్డును కదపాలి. అది బరువుగా కదిలితే దోషం కేబుల్‌దో, రాడ్డు అడుగు భాగానిదో. పది నిమిషాల పని. పదుల వేల నిర్ణయం దీని మీద ఆధారపడి ఉన్నప్పుడు ఏ మెకానిక్కూ ఈ పది నిమిషాలకు వంక పెట్టకూడదు.

సర్దుబాటు అంటే ఏం చేస్తారు?

సూత్రం తేలిక. గేర్‌బాక్స్‌ను ఒక తెలిసిన స్థానంలో కదలకుండా బిగించాలి. లోపల గేర్ రాడ్డును కూడా సరిగ్గా దానికి జోడైన స్థానంలో బిగించాలి. రెండు కొసలూ నిలిచాక, మధ్యలో వదులు చేసి ఉంచిన కేబుల్ తన పొడవును తానే చూసుకుంటుంది. అప్పుడు తాళం వేసేయాలి.

మన రోడ్ల మీద ఇంకా బాగా కనిపించే ఫోక్స్‌వాగన్ పోలోలో ఇది చక్కగా అర్థమవుతుంది. ఆ కారు అమ్మకం 2022లో ఆగినా సెకండ్ హ్యాండ్ బజారులో గిరాకీ తగ్గలేదు. గేర్‌బాక్స్ దగ్గర రెండు కేబుళ్ల కొసలకూ స్ప్రింగ్ ఉన్న ప్లాస్టిక్ కాలర్లు ఉంటాయి. వాటిని ముందుకు లాగి తిప్పితే కేబుల్ పొడవు స్వేచ్ఛగా మారేలా తెరుచుకుంటాయి. తర్వాత బాక్సు పైనున్న సెలెక్టర్ షాఫ్ట్‌ను కిందికి నొక్కి, పక్కనే ఉన్న వంపు లివర్‌ను తిప్పితే బాక్సు అక్కడ లాక్ అవుతుంది. లోపల గేర్ రాడ్డు చుట్టూ ఉన్న తోలు కవరు పైకెత్తి, రాడ్డును న్యూట్రల్‌లోనే ఎడమకు, ఒకటి-రెండు వరుస వైపుకు జరిపితే ఒక రంధ్రం మరో రంధ్రానికి ఎదురుగా వస్తుంది. అందులో సన్నని పిన్ను గుచ్చితే రాడ్డూ లాక్ అవుతుంది. ఇప్పుడు కాలర్లను తిప్పి వదిలితే కేబుల్ సరైన పొడవు దగ్గర పట్టేసుకుంటుంది. పిన్ను తీసి, బాక్సు లాక్ వదిలి, అన్ని గేర్లూ వేసి చూసుకోవడమే.

ఒకప్పటి ఒపెల్ కోర్సాలో కేబుల్ బదులు రాడ్డు, కాలర్ బదులు ఒక క్లాంప్ బోల్టు. బోల్టు వదులు చేయడం, రెండు కొసలూ లాక్ చేయడం, బోల్టు బిగించడం. వస్తువులు వేరు, వరస అదే.

అన్ని కార్లకూ ఈ సదుపాయం ఉండదు. చాలా మోడళ్లలో కేబుల్ పొడవు కంపెనీలోనే ఖాయమై వస్తుంది. తిప్పడానికి కాలరూ ఉండదు, నట్టూ ఉండదు. వాటిలో ‘అడ్జస్ట్ చేశాం’ అని ఎవరైనా బిల్లు వేస్తే ఏం అడ్జస్ట్ చేశారో చూపించమనాలి. అలాంటి కార్లలో చేయగలిగేది అరిగిన బుష్ మార్చడం, లేదా కేబుల్ మొత్తం మార్చడం.

బుష్ గురించి రెండు మాటలు. కేబుల్ కొసన ఉండే ఈ చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు ముక్క ఇంజిన్ వేడికి పెళుసెక్కి, పగిలి, ఒకరోజు రాలిపోతుంది. అప్పుడు కేబుల్ కొస లివర్ నుంచి ఊడి, బండి ఉన్న గేరులోనే ఉండిపోతుంది. దారిలో తీగ చుట్టి ఇంటికి చేరడం తప్పు కాదు, ఆ తీగతోనే ఏడాది తిరగడం తప్పు. చాలా కార్లకు బుష్ విడిగా దొరకదని, కేబుల్ మొత్తం కొనాలని షోరూంలో చెబుతారు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, ఢిల్లీ కశ్మీరీ గేట్ లాంటి చోట్ల మాత్రం విడి బుష్ కోసం అడిగి చూడొచ్చు. కొలత సరిపోతేనే తీసుకోవాలి. కాస్త వదులైన బుష్ అంటే పాత జబ్బును కొత్త డబ్బుతో కొనుక్కోవడమే.

మెత్తగా పడితే చాలా?

చాలదు. ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. షిఫ్ట్ కేబుల్ కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ముందుకు వేసే ఒకటి, మూడు, ఐదు గేర్లు లోతుగా పడి, వెనక్కు లాగే రెండు, నాలుగు పైపైనే పడతాయి. చేతికి మాత్రం మునుపటికంటే తేలిగ్గానే అనిపించొచ్చు. పైపైన పడిన గేరు యాక్సిలరేటర్ వదలగానే జారి న్యూట్రల్‌కు వస్తుంది. ఊళ్లో అయితే చిరాకుతో పోతుంది. తిరుమల, శ్రీశైలం ఘాట్లలో దిగేటప్పుడు సెకండ్ గేరు అలా ఎగిరిపోతే ఇంజిన్ పట్టు ఒక్కసారిగా పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

అందుకే సర్దుబాటు అయ్యాక ప్రతి గేరులోనూ రాడ్డును ఇంకొంచెం అదే దిశలో నొక్కి చూడాలి. గేరు పూర్తిగా పడ్డాక కూడా రాడ్డుకు కాస్త చోటు మిగలాలి. అది ముందే కన్సోల్‌కో, కవరుకో తగిలి ఆగిపోతుంటే గేరు సగమే పడుతోందని అర్థం. బయటి నుంచి కొని తొడిగే గట్టి మ్యాట్లు, అందం కోసం మార్చే తోలు కవర్లు కూడా కొన్నిసార్లు ఈ తంటా తెస్తాయి. కొద్ది దూరం నడిపి, ప్రతి గేరులో యాక్సిలరేటర్ తొక్కి వదిలి, జారుతుందేమో చూశాకే డబ్బు చెల్లించడం మంచిది.

సర్దిన కొన్నాళ్లకే మళ్లీ తేడా వస్తుంటే ఇంజిన్ మౌంటింగులు చూపించాలి. ఇంజిన్‌ను పట్టి ఉంచే ఈ రబ్బరు దిమ్మలు కుంగితే ఇంజిన్‌తోపాటు బాక్సూ ఊగుతుంది. రాడ్డు రకం లింకేజీలో ఆ ఊపు నేరుగా గేరు మీద పడుతుంది. మౌంటింగ్ మార్చకుండా లింకేజీ సర్దడమంటే ఊగే గోడకు గడియారం సరిచేసినట్టే.

కీళ్లకు గ్రీజు విషయంలోనూ విచక్షణ ఉండాలి. ప్లాస్టిక్ బుష్‌లకు సిలికాన్ లేదా తెల్లని లిథియం గ్రీజు నప్పుతుంది. చేతికందిన ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టినప్పుడు వచ్చే హాయి కొద్ది రోజులదే.

ఇక డ్రైవింగ్ అలవాటు. చాలామంది ఎడమ చెయ్యిని గేర్ రాడ్డు మీదే విశ్రాంతిగా ఉంచి నడుపుతారు. ఆ బరువు లింకేజీ గుండా వెళ్లి లోపలి ఫోర్కును, తిరుగుతున్న స్లీవుకు అదేపనిగా ఒత్తి పెడుతుంది. బుష్ కొత్తది వేసినా ఈ అలవాటు మారకపోతే ఫోర్కు లోపల అరుగుతూనే ఉంటుంది. ఆ పనికి మాత్రం నిజంగానే గేర్‌బాక్స్ దించాలి.

మారుతి సెలెరియోతో 2014లో మన మార్కెట్లోకి వచ్చిన ఏఎంటీ కార్లలో ఈ లింకు లేదు. లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. కేబుళ్లు లాగే పనిని బాక్సుకు బిగించిన ఒక యంత్రం కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం చేస్తుంది. దానికీ లెక్క తప్పుతుంది, దానికీ సర్దుబాటు ఉంది. కాకపోతే పిన్నుతోనో పానాతోనో కాదు, స్కానర్ తగిలించి చేయాలి.