పెద్దలకు పలక పట్టించే పని

వేలిముద్ర వేసే చేతికి సంతకం నేర్పడం చిన్న పని కాదు. పిల్లలకు చదువు చెప్పేవారిని మనం పంతులుగారని, ఉస్తాద్ అని గౌరవిస్తాం. నలభై ఏళ్లు దాటిన వారిచేత అక్షరాలు దిద్దించేవారిని మాత్రం ఏదో పుణ్యానికి చేస్తున్నారనుకొని ఊరుకుంటాం. వారికీ ఇల్లు గడవాలి కదా!

కాజీపేట దాటి హైదరాబాదు దారిలో వచ్చే మడికొండ మనకు తెలిసిన ఊరే. ప్రజాకవి కాళోజీ చిన్ననాడు చదువుకున్నది అక్కడే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దాని ముందురోజే అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం. కానీ ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుతూ రెండింటిలో ఏదీ చదవలేని పెద్దలు మన కుటుంబాల్లో ఇంకా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం వరంగల్ జిల్లా అక్షరాస్యత 65 శాతమే.

ఇస్లాం చరిత్రలో ఈ పనికి గొప్ప విలువ ఉంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడి, పరిహారం చెల్లించలేని ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు రాత నేర్పితే చాలు, విడుదల చేస్తామన్నారు దైవప్రవక్త (స). అంటే చదువు చెప్పడాన్ని సొమ్ముతో సమానంగా లెక్కగట్టారన్నమాట. ప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (ర)కు రాయడం నేర్పినది హజ్రత్ షిఫా (ర) అనే మహిళ. పెద్దయ్యాక నేర్చుకోవడం నామోషీ కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

పెద్దలకు చెప్పే తీరు వేరు. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ మూడు వాచకాలతో, సుమారు 200 గంటల్లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే పద్ధతి తెచ్చింది. తెలిసిన మాటతో మొదలుపెట్టి అందులోని అక్షరాలను విడదీసి చూపుతారు. కూరగాయల బేరం నోటితో తేల్చే అమ్మకు కూడిక కొత్త కాదు, అంకెలే కొత్త. పగలంతా కష్టపడి వచ్చినవారిని కసురుకుంటే మరునాడు రారు. కాబట్టి ఈ పనికి ఓర్పే కాదు, శిక్షణ కూడా కావాలి.

2009లో వచ్చిన సాక్షర భారత్ పథకంలో పంచాయతీకి ఇద్దరు గ్రామ సమన్వయకర్తలను పెట్టి, నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. ముస్లిం వయోజనుల కోసమే 2014లో అందులో మౌలానా ఆజాద్ తాలీమె బాలిగాన్ కార్యక్రమం చేర్చారు. కోటిమందికి అక్షరాలు నేర్పాలన్నది దాని లక్ష్యం. 2018 మార్చితో పథకం ముగిసింది, సమన్వయకర్తల చేతిలో ఆ కాస్త వేతనమూ లేకుండా పోయింది. 2022లో మొదలైన కొత్త కార్యక్రమం వేతనం లేని స్వచ్ఛంద సేవకుల మీదే ఆధారపడింది.

సేవాభావం మంచిదే. కానీ అనుభవం సంపాదించినవారు పొట్టకూటికి మరో పని వెతుక్కుంటే, అక్షరాలు సగం నేర్చినవారు మళ్లీ వేలిముద్రకే వస్తారు. ప్రభుత్వం మేలుకొనేదాకా ఎదురుచూడాలా? డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. మహల్లాలోని పది ఇళ్లవారు నెలకింతని పోగుచేసి ఇస్తే, అటువంటి ఒక అమ్మాయి సాయంత్రం గంటన్నరసేపు తల్లులకు పాఠం చెప్పగలదు. ఆమెకు సంపాదన, వారికి సంతకం. ఈ శుక్రవారం నమాజు తర్వాత నలుగురు కూర్చుని ఈ మాట ఆలోచించాలని మా మనవి.