ధారణాశక్తి: ఆధునిక మనశ్శాస్త్ర దృష్టి

ధారణ యను పదము తెలుగు సాహిత్యరంగమున నిత్యవ్యవహారమునం దున్నది. అవధానసభలో తాను చెప్పిన పద్యములన్నింటిని తుదిని వరుసగా అప్పగించిన అవధానిని చూచి 'అద్భుతమైన ధారణ' యందుము. రెండుమార్లు విన్న పద్యమును తిరిగి చదివిన విద్యార్థిని గూర్చియు అదే మాట వాడుదుము. ఎఱిగిన మనుష్యుని పేరు సమయమునకు స్ఫురింపనిచో ధారణ తగ్గినదని చింతించుదుము. ఈ మూడింటను పనిచేయునది ఒకే శక్తియా? అది జన్మసిద్ధమా, అభ్యాసలబ్ధమా? సంజ్ఞానాత్మక మనశ్శాస్త్రము ఈ ప్రశ్నలకు కొంతవఱకు సమాధానము చెప్పుచున్నది. ఆ శాస్త్రమునందలి మూలభావనలను వివరించి, అవి మన అవధానవిద్యకును పద్యబోధనకును ఎంతవఱకు అన్వయించునో తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

స్మృతిని ప్రయోగముచే కొలువవచ్చునని మొట్టమొదట నిరూపించినవాడు జర్మను పండితుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. 1885లో ఆయన ప్రకటించిన గ్రంథమునందలి ప్రయోగములకు కర్తయు పాత్రుడును ఆయనయే. రెండు హల్లుల నడుమ ఒక అచ్చు నుంచి, అర్థరహితములైన ధ్వనిఖండములను సుమారు 2300 కూర్చుకొని, వాని వరుసలను కంఠస్థము చేసి, ఎంత కాలమునకు ఎంత మఱచెనో లెక్కించెను. మఱపు తొలి గంటలలో వేగముగను, పిదప మందముగను సాగునని తేలినది. సాహిత్యవిద్యార్థులకు ఇంతకంటె ముఖ్యమైన ఫలితము మఱియొకటి కలదు. ఆయన బైరన్ కవి 'డాన్ జువాన్' కావ్యమునందలి పద్యములను గూడ వల్లించి చూచెను. సుమారు 80 అక్షరముల పద్యమునకు తొమ్మిది పఠనములకు లోపే చాలెను. అంతే పొడవుగల అర్థరహితపు వరుసకు 70, 80 పఠనములు కావలసి యుండునని ఆయన అంచనా. అర్థము, లయ, అంత్యప్రాస కలిసి శ్రమను పదింట ఒకవంతునకు తగ్గించిన వన్నమాట.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున, ముఖ్యముగా అమెరికాలో, ప్రవర్తనవాదులు మనోవ్యాపారములను పరిశీలనార్హములు కావని త్రోసిపుచ్చిరి. 1950 తరువాత ఆ పరిస్థితి మాఱినది. సమాచారమును గ్రహించి, మార్చి, నిలువచేసి, తిరిగి తెచ్చు యంత్రాంగముగా మనస్సును భావించు పద్ధతి బలపడినది. 1967లో ఉల్రిక్ నైసర్ రచించిన గ్రంథముతో ఈ శాఖకు సంజ్ఞానాత్మక మనశ్శాస్త్ర మను పేరు స్థిరపడినది.

ఈ శాస్త్రమున మొదటి భావన అవధానము, అనగా మనస్సును ఒక విషయముపై నిలుపుట. 1953లో కోలిన్ చెర్రీ శ్రోతల రెండు చెవులకు రెండు వేర్వేఱు ప్రసంగములను వినిపించి, ఒకదానిని వెంటవెంటనే పైకి పలుకుమనెను. రెండవ చెవిని బడినదానిలో పురుషకంఠము స్త్రీకంఠముగా మాఱుట వారికి తెలిసినది. భాష మాఱుట సైతము పలువురకు తెలియలేదు. ఇట్లనియు ఆ రెండవ ద్వారము పూర్తిగా మూసికొనదు. అందు తమ పేరు వినబడినప్పుడు శ్రోతలలో కొందఱు గుర్తించిరని 1959లో నెవిల్ మోరే చూపెను. కావున అవధానము పరిమితమైన ధనము. ఒకచోట వెచ్చించినది మఱియొకచోట కొఱవడును.

రెండవ భావన స్వల్పకాలిక స్మృతి. 1956లో జార్జి మిల్లర్ తన ప్రసిద్ధవ్యాసమున, మనుష్యుడు ఒక్కమాఱు విని అప్పగింపగల అంశములు ఏడుకు ఒకటి రెండు అటునిటుగా ఉండునని చెప్పెను. పునరావృత్తికిని గుంపుకట్టుటకును అవకాశ మీయనిచో ఆ సంఖ్య నాలుగే యని 2001లో నెల్సన్ కోవన్ వాదించెను. ఈ స్మృతి క్షణికము. 1959లో పీటర్సన్ దంపతులు మూడు హల్లులను చెప్పి, వెంటనే మూడేసి తగ్గించుచు అంకెలు లెక్కింపుమనగా, 18 సెకండ్లలో ఆ హల్లులు దాదాపుగా తుడిచిపెట్టుకొని పోయినవి.

అయితే మిల్లర్ లెక్కించినది అక్షరములను గాదు, గుచ్ఛములను. ఒక్కటిగా గుర్తింపబడు సముదాయమే గుచ్ఛము. మన ఛందస్సునుండి ఉదాహరణము చెప్పుదము. ఉత్పలమాలా పాదమున 20 అక్షరము లుండును. పొంతనలేని 20 అక్షరములను ఒక్కమాఱు విని అప్పగించుట సామాన్యునకు అసాధ్యము. అవే పద్యపాదమైనచో, ఛందోజ్ఞానముగలవాడు నాలుగైదు పదబంధములుగా గ్రహించును. ప్రాస రెండవ అక్షరమును, యతి పదవ అక్షరమును కాపాడును. గణక్రమము ఒక్క అక్షరము జాఱినను వెంటనే హెచ్చరించును. కనుక యతిప్రాసలు శ్రవణాలంకారములు మాత్రమే కావు, స్మృతికి ఆధారస్తంభములు కూడ.

గుచ్ఛములను గట్టు నేర్పు దీర్ఘకాలిక స్మృతినుండి లభించునని 1973లో ఛేజ్, సైమన్ అనువారు చదరంగమున చూపిరి. ఆడుచున్న ఆటనుండి తీసిన బలముల అమరికను ఐదు సెకండ్లు చూచి ప్రవీణుడు చాలవఱకు తిరిగి పేర్చెను; ప్రారంభకుడు కొలదిగనే పేర్చగలిగెను. బలములను ఇచ్చవచ్చినట్లు చెదరించి చూపగా ప్రవీణుని ఆధిక్యము దాదాపు మాయమైనది. స్వల్పాధిక్యము మాత్రము మిగులునని 1996లో గోబే, సైమన్ సవరించిరి.

1980లో ఎరిక్సన్, ఛేజ్, ఫలూన్ ప్రకటించిన ప్రయోగము ఇంతకంటె స్పష్టమైనది. ఒక కళాశాలా విద్యార్థి మొదట ఏడు అంకెలను మాత్రమే అప్పగింపగలిగెడివాడు. ఇరువది నెలలలో 230 గంటలకు పైగా అభ్యసించి 79 అంకెలకు చేరెను. అతడు పరుగుపందెముల ఆటగాడు గనుక అంకెలను పందెకాలములుగా గుర్తించి, ఆ గుచ్ఛములను పెద్ద గుచ్ఛములలో ఇమిడ్చెను. కాని అంకెలకు మాఱుగా అక్షరముల నిచ్చినప్పుడు అతని శక్తి ఆఱింటికే దిగినది! అనగా అభ్యాసముచే పెరిగినది స్వల్పకాలిక స్మృతి కాదు; ఒక విషయమునకు చెందిన నిక్షేపమార్గము.

మూడవ భావన పనిచేయు స్మృతి. 1974లో బ్యాడ్‌లీ, హిచ్ అనువారు స్వల్పకాలిక స్మృతి కేవలము పెట్టె గాదనియు, అది ఆలోచనకు పనిబల్ల యనియు ప్రతిపాదించిరి. వారి మతమున ధ్వనిని ఆవృత్తిచేయుచు నిలుపు భాగమొకటి, దృశ్యములను నిలుపు భాగమొకటి, ఈ రెంటిని నడుపు అధ్యక్షభాగమొకటి కలవు.

ఇక అష్టావధానమునకు వత్తము. అంశములు సభనుబట్టి మాఱుచుండును. సమస్య, దత్తపది, వర్ణన మొదలైనవాటికి అవధాని సాధారణముగా ఆవృత్తికి ఒక పాదము చొప్పున చెప్పును. తుదిని పద్యములన్నింటిని ధారణచేయును. ఈ మధ్యకాలమున గంటల లెక్కయు అప్రస్తుతప్రసంగమును అవధానమును చెదరగొట్టును. పీటర్సన్ ప్రయోగమున అంకెల లెక్క చేసిన పని యిదియే. అయినను పద్యము నిలుచుటకు మూడు కారణము లున్నవని మేము తలచెదము. ఛందస్సు సిద్ధమైన చట్రము. పృచ్ఛకుడును, అతని ప్రశ్నయు జ్ఞప్తికి తెచ్చు గుర్తులు. మూడవది, పద్యము అవధాని స్వయముగా కల్పించినది. చదివినదానికంటె తాను కల్పించినది బాగుగా నిలుచునని 1978లో స్లామెకా, గ్రాఫ్ నిరూపించిరి.

వ్యస్తాక్షరి దీనికి భిన్నము. అక్షరములు క్రమము తప్పి, స్థానసంఖ్యలతో వచ్చును. వాక్యము పూర్తియగువఱకు అర్థము తోడ్పడదు. ఇది ఎబ్బింగ్‌హౌస్ వరుసలకు దగ్గఱగా నుండును. నిషిద్ధాక్షరిలోనో, అవధాని మనస్సున సిద్ధముగానున్న పదగుచ్ఛమును పృచ్ఛకుడు అక్షరాక్షరమునకు విఱుచును. ఇందు ధారణకంటె అధ్యక్షభాగమునకే పరీక్ష యెక్కువ. కావున అవధానములోని అంశములన్నింటిని ఒకే 'ధారణ'గా లెక్కించుట శాస్త్రసమ్మతము కాదు. దైవదత్తమని నమస్కరించి యూరకుండుటయు అవధాని సాధనకు న్యాయము చేయదు. ఇది మా అనుమానప్రమాణము. అవధానులపైననే ప్రయోగములు జరుపుట పరిశోధకుల విధి.

బోధకులకు దీనివలన కలుగు ప్రయోజనము చిన్నది కాదు. కంఠస్థము బుద్ధిని మొద్దుబార్చునని కొందఱు పద్యములను అప్పగించుకొనుటయే మానినారు. అర్థము చెప్పక వల్లింపించువారు వేఱొకవైపున నున్నారు. మొదటివారు విద్యార్థికి గుచ్ఛములు గట్టు సామగ్రిని దూరము చేయుచున్నారు. రెండవవారు పద్యమును అర్థరహితపు వరుసగా మార్చుచున్నారు. ప్రతిపదార్థముతోనే తృప్తిపడి పద్యమును లయతో చదివింపకుండుటయు లోపమే. అన్వయక్రమమున గణములు చెదరును, యతిప్రాసల ఆధారము పోవును.

వల్లెవేయుట వేఱు, అప్పగించుట వేఱు. 2006లో రోడిగర్, కార్పికీ జరిపిన ప్రయోగమున, మరల మరల చదివినవారు ఐదు నిమిషముల పిదప మెఱుగుగా నుండిరి. వారము గడచిన పిదప మాత్రము, చూడక జ్ఞప్తికి తెచ్చుకొనినవారే ఎక్కువ నిలుపుకొనిరి. మన బడులలోని అప్పగింత ఇట్టిదే. దానిని ఒక్కనాడే ముగింపక, ఎడము నిచ్చి మరల మరల జరుపుట మేలు. ముందు అర్థము, పిదప పాదవిభాగముతో లయబద్ధపఠనము, ఆపైన ఎడమెడముగా అప్పగింత: ఇదియే మేము సూచించు క్రమము. ఇట్లు నేర్చిన పద్యము విద్యార్థికి భారము కాక, రాబోవు పద్యమును గ్రహించుటకు సాధన మగును.