చిలికాలో డాల్ఫిన్ దర్శనము

రాయలసీమలో సముద్రము లేదు. కాని సముద్రమను పేరునకు మాత్రము కొదువ లేదు. అనంతపురమునకు చేరువనే బుక్కరాయసముద్రము కలదు. వానలు అరుదైన ఆ సీమలో పూర్వపు రాజులు గుట్టల నడుమ కట్టలు పోసి, చెరువులు నిర్మించి, వానికి సముద్రములని పేరిడిరి. నీటి విలువ నెరిగినవారు గావున కొలది నీటిని సైతము గొప్ప పేరుతో పిలిచిరి. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములకు ఉప్పునీటి సముద్రము బహుదూరము. నిండిన చెరువును చూచి సంతసించు అచటి బాలబాలికలలో నిజమైన సముద్రమును కన్నులార చూడని వారు పెక్కుమంది.

అయినను ఆ పట్టణములను తూర్పుతీరముతో కలుపు ఇనుపదారి యొకటి కలదు. బెంగుళూరు నుండి భువనేశ్వరమునకు పోవు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఆ దారిని పోవును. హిందూపురమున రైలెక్కిన ప్రయాణికుడు, విజయనగర రాజులు 1565 తరువాత రాజధానిగా చేసికొన్న పెనుకొండను, పట్టుచీరలకు పేరొందిన ధర్మవరమును దాటి, గుంతకల్లు, గుంటూరుల మీదుగా సాగి, కృష్ణా గోదావరులను గడచి, మరునాడు విశాఖపట్టణము చేరును. అటుపిమ్మట ఒడిశాలో బరంపురము దాటి కొంతదూరము పోయిన వెంటనే కుడిచేతి ప్రక్కన ఒక మహాజలరాశి కానవచ్చును. అవతలి ఒడ్డు కనబడదు. అందు చిన్న చిన్న కొండలు దీవులై నిలిచియుండును. అదియే చిలికా సరస్సు.

చిలికా అటు చెరువును కాదు, ఇటు సముద్రమును కాదు. నెల్లూరు సీమలోని పులికాటు సరస్సు వలె ఇదియును ఉప్పునీరు, మంచినీరు కలిసిన జలాశయము. దయా, భార్గవి మొదలగు నదీపాయలు దీనికి మంచినీటిని తెచ్చును. బంగాళాఖాతమునకును దీనికిని నడుమ ఒక సన్నని ఇసుకమేట అడ్డముగా నున్నది. ఆ మేటలోని ముఖద్వారము గుండ సముద్రపు నీరు లోనికి వచ్చిపోవుచుండును. సరస్సు పొడవు సుమారు 64 కిలోమీటర్లు. వేసవిలో 900 చదరపు కిలోమీటర్ల మేర నుండు నీరు వర్షాకాలమున 1,100 చదరపు కిలోమీటర్లకు మించి వ్యాపించును. శీతకాలమున దూరదేశముల నుండి లక్షల కొలది పక్షులు ఇచటికి వచ్చును. ఈ ప్రాంతము తెలుగువారికి క్రొత్తది కాదు. గంజాం జిల్లాలో తెలుగు కుటుంబములు అనేకము కలవు. పూరీ తీరమున నోళియాలని పిలువబడు జాలరులలో పెక్కుమంది మాతృభాష తెలుగే.

పూరీ నుండి సుమారు 50 కిలోమీటర్ల దూరమున, సరస్సు సముద్రముతో కలియు చోటికి చేరువగా సాతపడా అను గ్రామము కలదు. డాల్ఫిన్లను చూడగోరువారు అచట మరపడవ నెక్కుదురు. ఉదయమున గాలి తక్కువగా నుండి నీరు నిలకడగా నున్నచో చూచుటకు అనుకూలము. పడవ ఒడ్డు విడిచి కొంతదూరము పోయిన పిమ్మట, నేర్పు గల పడవవాడు యంత్రమును ఆపివేయును. అంతట నిశ్శబ్దమావరించును. ప్రయాణికులు నలువైపుల చూచుచుందురు. నీరు తప్ప వేరేమియు కానరాదు. అయిదు నిమిషములు గడచును; పది నిమిషములు గడచును. పిల్లలు విసుగు చెందుదురు.

అప్పుడు ఎచటనో "ఫూ" అని ఒక నిట్టూర్పు వంటి ధ్వని వినబడును. అందరు అటు తిరిగి చూచునప్పటికి గుండ్రని నున్నని బూడిదవన్నె తల యొకటి నీటిపైకి వచ్చి, వెంటనే వంగి, వీపు మీది చిన్న రెక్కను చూపి మునిగిపోవును. అంతయు రెండు మూడు క్షణములలో ముగియును. చలనచిత్రములలో కనబడు డాల్ఫిన్ల వలె ఇది ఆకాశమున కెగిరి గంతులు వేయుట అరుదు. ఇది బిడియము గల జంతువు. దీని ముఖమున పొడవైన మూతి యుండదు. నుదురు బుడిపె వలె ముందుకు వచ్చియుండును. పెరిగినది రెండు నుండి రెండు ముప్పాతిక మీటర్ల పొడవుండును. ఒకసారి మునిగినచో సాధారణముగా ఒకటి రెండు నిమిషములకు మరల పైకి వచ్చును. కాని మునిగిన చోటనే తేలునను నియమము లేదు.

ఆ నిట్టూర్పు వంటి ధ్వనిలోనే దాని జీవిత రహస్యమున్నది. డాల్ఫిన్ చేప కాదు. చేప మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును గ్రహించును. డాల్ఫిన్‌కు మనుష్యునకు వలె ఊపిరితిత్తులు కలవు. నడినెత్తిన నుండు రంధ్రముతో గాలి పీల్చుటకు అది తప్పక పైకి రావలెను. దాని రక్తము వెచ్చనిది. అది పిల్లను కని పాలిచ్చి పెంచును. చేప తోకను ప్రక్కలకు ఆడించును. డాల్ఫిన్ తోకను పైకి క్రిందికి ఆడించును. తిమింగిలములును ఈ కుటుంబములోనివే. సంస్కృతమున "తిమి" యనగా గొప్ప చేప. ఆ తిమిని మ్రింగునది తిమింగిలము. పేరిడిన పూర్వులు దానిని జలచరములలో మేటిగా ఎంచిరి. అది నేలపై తిరిగిన జంతువుల వంశములోనిదని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

చిలికాలోని డాల్ఫిన్‌ను ఐరావతీ డాల్ఫిన్ అందురు. బర్మాలోని ఐరావతీ నదిలోను ఇది నివసించుటచే దీనికా పేరు వచ్చినది. కాని శాస్త్రలోకమునకు దీనిని మొదట పరిచయము చేసినది ఆంధ్రతీరమే. 1852లో విశాఖపట్టణపు రేవున దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారముగా, ఇంగ్లండులోని శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించెను. దానిని సేకరించినవాడు వాల్టర్ ఎలియట్ అను అధికారి. 1845లో అమరావతి స్తూపపు శిల్పములను త్రవ్వించినవాడును ఇతడే. ఓవెన్ పెట్టిన శాస్త్రనామములోని రెండవ మాటకు "పొట్టి మూతి గలది" యని అర్థము.

ఒకప్పుడు మనుష్యులు తిమింగిలములను వెదకికొనుచు పోయినది చూచుటకు కాదు, చంపుటకు. వాని కొవ్వునుండి తీసిన నూనెతో దీపములు వెలిగించిరి. యంత్రములకు ఆ నూనె పోసిరి. ఇరువదవ శతాబ్దమున పెద్ద ఓడలు రాగా వేట మరింత ఘోరమై, కొన్ని జాతులు అంతరించు స్థితికి వచ్చినవి. తుదకు అంతర్జాతీయ తిమింగిల సంఘము వ్యాపారపు వేటను ఆపవలెనని 1982లో తీర్మానించెను. అది 1986లో అమలునకు వచ్చినది. ఇంతలో అమెరికా పడమటి తీరమునగల శాన్ డియాగోలో మరియొక మార్పు జరిగినది. 1955లో అచట ఒక పడవవాడు, మనిషికి ఒక డాలరు చొప్పున తీసికొని, తిమింగిలములను చూపుటకు జనులను సముద్రముపైకి కొనిపోయెను. చంపిన తిమింగిలము ఒక్కసారియే ధనమిచ్చును. బ్రతికియున్నది ఏటేట ఇచ్చునని లోకము క్రమముగా గ్రహించెను. నేడు శ్రీలంకలోని మిరిస్సా తీరమున నీలి తిమింగిలములను చూచుటకు పెక్కు దేశముల ప్రజలు వత్తురు.

అయితే చూచుట వలన హాని కలుగదని తలచుట పొరపాటు. చిలికాలోని డాల్ఫిన్ల సంఖ్య ఇటీవలి లెక్కలలో సుమారు 150. ఇంత చిన్న మందలో ఒక్కటి చనిపోయినను పెద్ద నష్టమే. తల్లి ఒక కాన్పులో ఒక పిల్లనే కనును. ఆ పిల్లను పదునాలుగు నెలల పాటు గర్భమున మోయును. జాలరుల వలలలో చిక్కి పైకి రాలేక, ఊపిరాడక మరణించునవి కొన్ని. మరపడవల ఇనుప రెక్కలు తగిలి గాయపడునవి కొన్ని. సరస్సు నీరు కలక బారి యుండుటచే డాల్ఫిన్‌కు కన్నులకన్న చెవులే ముఖ్యము. అది ధ్వని చేసి, చేపకు తగిలి తిరిగివచ్చు ఆ ధ్వనిని విని, చేప యున్న తావు నెరుగును. నాలుగైదు పడవలు చుట్టుముట్టి యంత్రములు మ్రోగించినచో, పొగ నిండిన గదిలో మనుష్యుని కన్నుల వలె దాని చెవులు నిరుపయోగమగును. తినుట మాని పారిపోవును. తల్లి, పిల్ల విడిపోవుటయు కలదు.

ఈ దోషమును పడవవానిపై మోపుట సులభము. అతని కుటుంబము ఆ పడవ కూలిపైనే బ్రతుకుచున్నది. "ఇంకను దగ్గరకు పొమ్ము, పైకము హెచ్చుగా నిత్తుము" అని అతనిని తొందరపెట్టునది ప్రయాణికుడే. ప్రయాణికుడు ఓర్పు వహించినచో పడవవాడును ఓర్పు వహించును. డాల్ఫిన్లకు కనీసము 50 మీటర్ల దూరమున నిలుచుట, వాని దారికి అడ్డము పోకుండుట, వెంబడింపకుండుట, ఆహారము విసరకుండుట అనేక దేశములలో పాటించు నియమములు. యంత్రము ఆపి నిశ్శబ్దముగా నున్న పడవకు డాల్ఫిన్లు తమంతట తామే చేరువగుటయు కలదు.

చిలికా మరియొక ఆపదను దాటి వచ్చినది. నదులు తెచ్చిన మట్టితో అది మేటలు వేసి, సముద్రముతో కలియు దారి సన్నబడెను. ఉప్పునీరు తగ్గి, కలుపుమొక్కలు అలముకొని, చేపలు క్షీణించెను. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల జలభూమిగా గుర్తింపబడిన సరస్సు, 1993లో ఆపదలో నున్నవాని పట్టికకెక్కెను. 2000 సెప్టెంబరులో ఇసుకమేటను త్రవ్వి సముద్రమునకు క్రొత్త ముఖద్వారము తెరచిరి. ఉప్పునీరు మరల వచ్చెను. ఒకటి రెండు సంవత్సరములలోనే చేపల రాబడి అనేక రెట్లు పెరిగెను. 2002లో ఆ పట్టిక నుండి చిలికా పేరు తొలగింపబడెను. జాలరికి చేపలు దక్కినవి, డాల్ఫిన్‌కును దక్కినవి.

పూడిక యననేమో రాయలసీమ బాలునకు వేరుగా చెప్పనక్కరలేదు. పూడిక తీయని చెరువు వాననీటిని నిలుపలేదని అతడు పుట్టినది మొదలు ఎరుగును. చెరువు కట్టను కాచుకొనువాడు ఊరికి నీరు మిగుల్చును. చిలికాలో యంత్రము నాపి, దూరముగా నిలిచి, ఓర్పుతో వేచియుండువాడు రేపు రాబోవు ప్రయాణికునకు డాల్ఫిన్‌ను మిగుల్చును. ఒకనాడు హిందూపురము నుండి వచ్చిన బాలుడు ఆ పడవపై కూర్చుండి, ఆ "ఫూ" అను ధ్వనిని విని, ఒక్కసారి మెరసి మాయమైన ఆ బూడిదవన్నె వీపును మాత్రమే చూచి తిరిగి వచ్చినను, అతని ప్రయాణము వ్యర్థము కాదు.