దర్జీ వ్రేలి తొడుగు

సూది గ్రుచ్చుకొనుట యనగానే మనకు మొన జ్ఞప్తికి వచ్చును. కాని మందపు గుడ్డను చేతితో కుట్టువారిని బాధించునది తరచుగా మొన కాదు. బెజ్జముండు వెనుక కొన. దానిని నెట్టి నెట్టి వ్రేలి చర్మము చిల్లు పడును.

కారణము ఉన్నత పాఠశాలలో నేర్చు పీడనసూత్రములోనే యున్నది. ఒక కిలోగ్రాము బరువుతో సమానమైన బలముతో సూదిని నెట్టుచున్నామనుకొందము. వెనుక కొన గుండ్రనిదై, దాని అడ్డుకొలత 0.7 మిల్లీమీటరు అయినచో, వైశాల్యము సుమారు 0.0038 చదరపు సెంటీమీటరు. అనగా వ్రేలిపై చదరపు సెంటీమీటరుకు దాదాపు 260 కిలోగ్రాముల పీడనము! మొనవద్ద అడ్డుకొలత 0.1 మిల్లీమీటరే యనుకొన్నచో పీడనము 12,000 దాటును. గుడ్డ పోగులు తొలగి దారి యిచ్చుట అందుచేతనే. నడిమి వ్రేలికి లోహపు తొడుగున్నచో అదే బలము చదరపు సెంటీమీటరంత మేర పరచుకొనును. పీడనము 260 నుండి 1కి దిగును. బలము తగ్గలేదు, కుట్టు ఆగలేదు.

ఈ తొడుగునకు అంగుస్తానా యని పేరు. పారశీకమున అంగుస్త్ అనగా వ్రేలు. జర్మనులు దీనిని ఫింగర్‌హుట్, అనగా వ్రేలి టోపీ, అందురు. ఇట్టి ఆకారముగల పూలు పూయు ఒక మొక్కకు 1542లో లియొనార్డ్ ఫుక్స్ ఆ జర్మను పేరును అనుసరించియే లాటినులో డిజిటాలిస్ అని నామకరణము చేసెను. గుండెజబ్బులకు వాడు డిజాక్సిన్ ఆ ప్రజాతి మొక్కనుండి లభించినదే. కుట్టుపనిముట్టు పేరు మందుసీసా మీదికి ఎక్కిన తీరిది!

తొడుగుపై నుండు సన్నని గుంటలు అలంకారము కావు. నున్నని లోహముపై సూది జారి ప్రక్కవ్రేలిలో దిగును. గుంటలో నిలిచిన కొన జారదు. పూర్వము వీనిని ఒక్కొక్కటిగా చేతితో కొట్టెడివారు. ఇత్తడి తొడుగులకు జర్మనీలోని న్యూరెంబర్గు ప్రసిద్ధి. 1690ల దశకమున హాలెండునుండి వచ్చిన జాన్ లాఫ్టింగ్ ఇంగ్లండులో వీనిని యంత్రములతో తయారుచేయ నారంభించెను.

ధనికులు వెండి తొడుగులు కోరిరి. ఇక్కడనే చిక్కు వచ్చినది. వెండి మెత్తనిది; ఉక్కుసూది దానిని క్రమముగా తొలిచివేయును. తొడుగున్నదను ధైర్యముతో గట్టిగా నెట్టినపుడు చిల్లుగుండ వచ్చిన సూది మరింత లోతుగా దిగును. హాలిఫాక్సు పట్టణపు చార్లెస్ హోర్నర్ రెండు వెండిపొరల నడుమ ఉక్కుపొర నుంచి, 1884లో పేటెంటు పొందెను. 'డోర్కాస్' తొడుగులన్న అవియే.

దర్జీలు వ్రేలికొనతో గాక ప్రక్కభాగముతో నెట్టుదురు. కనుక వారి తొడుగునకు పైకప్పుండదు. వెడల్పాటి ఉంగరమువలె నుండును. తెరచాపలు కుట్టువారికి వ్రేలి బలమే చాలదు. వారు లోహపు బిళ్ళ బిగించిన తోలుపట్టీని అరచేతికి తొడిగి, చేయంతటితో నెట్టుదురు.

ఇంత చిన్న వస్తువును సేకరించువారును కలరు. జర్మనీలోని క్రెగ్లింగెన్‌లో దీనికై ఒక మ్యూజియమే యున్నది. 18వ శతాబ్దమున మైసెన్‌లో చేసిన పింగాణీ తొడుగులు వారికి అపురూపములు; కుట్టుటకంటె చూచుటకే అవి తగినవి. గుంటల వరుసలు వంకరగా నున్నచో చేతిపని యనియు, తీరుగా నున్నచో యంత్రపని యనియు సాధారణముగా ఊహింతురు. చిల్లుపడిన తొడుగునకు ధర తగ్గును. శాస్త్రదృష్టికి మాత్రము అదియే ముఖ్యము. సూది ఎచట, ఎంతకాలము పనిచేసినదో అదియే చెప్పును.

స్క్రూగేజిలో తలస్కేలు చెక్కియున్న తిరుగు గొట్టమునకు ఆంగ్లమున థింబుల్ అని పేరు. అది ఈ తొడుగు పేరే. ఉపాధ్యాయులు ఆ పరికరముతోనే విద్యార్థులచేత సూది మందమును కొలిపించి, పై లెక్కను మరల చేయింపవచ్చును. 0.7కు బదులు 1 మిల్లీమీటరు వచ్చినచో వ్రేలిపై పీడనము సుమారు సగమగును.