సెండ్‌మెయిల్ మైమ్ లోపం (2006)

సెండ్‌మెయిల్ మైమ్ లోపం అనునది సెండ్‌మెయిల్ అనే ఈమెయిలు సర్వరు సాఫ్టువేరులో 2006లో బయటపడిన భద్రతా లోపము. ఇది సేవా నిరాకరణ తరగతికి చెందినది. అనగా దీని ద్వారా దాడి చేసినవారు ఇతరుల ఉత్తరాలను చదవలేరు, కానీ అవి చేరకుండా అడ్డుకోగలరు. దీని గుర్తింపు సంఖ్య సీవీఈ-2006-1173. 8.13.7కు ముందటి సంచికలలో ఈ లోపం ఉన్నది.

నేపథ్యం

సెండ్‌మెయిల్‌ను అమెరికాలోని బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ రచించాడు. ఇది 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు వెలువడినది. 1982 నాటి ఎస్ఎంటీపీ నియమావళి ప్రకారం ఉత్తరంలోని ప్రతి అక్షరము 7 బిట్లలో ఇమడవలెను. ఆంగ్లానికి ఇది సరిపోవును. తెలుగు వర్ణాలకు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్లు కావలెను. ఆ బైట్లేవీ 7 బిట్లలో ఇమడవు. అందుచేత పాత పద్ధతి సర్వరుకు ఇట్టి ఉత్తరాన్ని పంపునపుడు సెండ్‌మెయిల్ దానిని 7 బిట్ల రూపంలోకి మార్చును. ఇందుకు తగిన పద్ధతులను 1992లో వచ్చిన మైమ్ ప్రమాణం నిర్దేశించినది. మైమ్ ప్రకారం ఒకే ఉత్తరంలో పాఠ్యము, బొమ్మలు వేర్వేరు భాగాలుగా ఉండవచ్చును. ఒక భాగంలో మరికొన్ని భాగాలు కూడా ఉండవచ్చును.

లోపం

ఈ మార్పిడి చేసే ఫంక్షను, భాగంలో మరొక భాగం కనిపించినపుడల్లా తనను తానే మరల పిలుచుకొనేది. పిలిచిన ప్రతిసారి స్టాక్ అనే పరిమితమైన మెమరీలో కొంత ఖర్చగును. ఎన్ని పొరల లోతుకు వెళ్ళవచ్చునో హద్దు లేదు. కావాలని పొరలోపల పొరగా తప్పుడు అమరికతో కూర్చిన ఉత్తరం వచ్చినచో, స్టాక్ నిండిపోయి ప్రాసెస్ కూలిపోయేది.

ప్రభావం

వెంటనే అందించలేని ఉత్తరాలను సెండ్‌మెయిల్ వరుసలో ఉంచి, కొంత వ్యవధి తరువాత మరల ప్రయత్నించును. హానికర ఉత్తరం వద్ద ప్రాసెస్ కూలిపోగా, దాని వెనుక ఉన్నవి నిలిచిపోవును. ఆ ఉత్తరం వరుసలోనే మిగిలి ఉండును కనుక తరువాతి ప్రయత్నము కూడా అక్కడే విఫలం కాగలదు. కూలినపుడల్లా మెమరీ నకలును ఫైలుగా భద్రపరచే కంప్యూటర్లలో డిస్కు నిండిపోయే ప్రమాదము కూడా ఉన్నది. ఈ దాడికి సంకేతపదము గాని, వేలకొద్దీ కంప్యూటర్లు గాని అవసరం లేదు.

నివారణ

2006 జూన్‌లో విడుదలైన 8.13.7 సంచికలో లోతును 20 పొరలకు పరిమితం చేశారు. అంతకన్నా లోపలి భాగాన్ని విప్పి చూడకుండా విడిచిపెట్టును. వరుసలోని ప్రతి ఉత్తరానికి వేరు ప్రాసెస్ కేటాయించే అమరిక కూడా సెండ్‌మెయిల్‌లో కలదు. దీనివలన ఒక ఉత్తరం కారణంగా మిగతావి ఆగవు, అయితే సర్వరుపై భారం పెరుగును.

ఇవి కూడా చూడండి

ఈమెయిలు
సేవా నిరాకరణ దాడి
యూనికోడ్