వేణువుకు వెదురే కావాలా?

పిల్లనగ్రోవి సొంతంగా చేసుకుందామనుకునేవారికి మొదటి చిక్కు వెదురుతోనే. తెలుగు నేల మీద అడవుల్లో వెదురుకు కొదవ లేదు. అయితే ఇక్కడ ఎక్కువగా పెరిగేది నిచ్చెనలకూ చేతికర్రలకూ పనికొచ్చే రకం. గోడ మందం, లోపలి బోలు సన్నం, ఒక్కోసారి బోలే ఉండదు. వేణువుకు పల్చటి గోడ, కణుపుకూ కణుపుకూ మధ్య మంచి ఎడం కావాలి. అలాంటి వెదురు ఈశాన్య రాష్ట్రాల్లోనూ కేరళలోనూ పెరుగుతుంది. అది చేతికందలేదని పని మానుకోనక్కర్లేదు. ముందు నున్నటి, తిన్నటి బోలు దొరకాలి. అది వెదురులో ఉందా, ఇంకోదాంట్లో ఉందా అన్నది తర్వాతి సంగతి.

వీణలో చెక్క కూడా మోగుతుంది. వేణువులో మోగేది గొట్టంలోని గాలి. ఆ గాలి స్తంభం పొడవు సుమారు 39 సెంటీమీటర్లుంటే సెకనుకు 440 కంపనాల స్వరం పలుకుతుంది. కంపనం కొన దాటి కొంచెం బయటికి సాగుతుంది కాబట్టి గొట్టం అంతకన్నా కాస్త పొట్టిగా ఉండాలి. ఈ లెక్కలో గొట్టం దేనితో చేశారన్న ప్రసక్తే లేదు. జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2008లో బయటపడిన వేణువు రాబందు ఎముకతో చేసింది, వయసు 35 వేల ఏళ్లకు పైమాటే. బోలుగా ఉన్న ఎముక దొరికింది, ఊదారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ 1971లో వెండి, రాగి, చెక్కలతో ఒకే లోపలి కొలతల వేణువులు చేయించి, కంటికి కనబడకుండా వాయింపజేస్తే, ఏది దేనిదో విన్నవాళ్లు పోల్చుకోలేకపోయారు.

మరి విద్వాంసులు వెదురునే ఎందుకు పట్టుకుంటారని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కోల్ట్‌మన్ మూడు వేణువులకూ ఊదే భాగాన్ని ఒకే ప్లాస్టిక్‌తో, ఒకే తీరుగా చేయించాడు. ఊపిరి తగిలే ఆ అంచు పదును, అక్కడి గోడ మందం మారితే ధ్వని మారుతుందన్నమాట. వెదురు గోడ ఆ అంచుకు తగిన మందాన్ని తనంతట తానే ఇస్తుంది, చేతికి తేలిక, కత్తికి లొంగుతుంది. పీవీసీ గొట్టం గొంతు కటువుగా ఉందంటే, చాలాసార్లు తప్పు ప్లాస్టిక్‌ది కాదు, సరిగా చెక్కని అంచుది. అలాగని పదార్థానికి విలువే లేదనడం కూడా అతి. బొప్పాయి కాడ చక్కగా మోగుతుంది కానీ వాడిపోగానే దాని బోలు కుంచించుకుపోతుంది. పచ్చి వెదురు ఎండేటప్పుడు పగులుతుంది, అందులోని పిండిపదార్థం కోసం పురుగు చేరుతుంది. నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టేది అందుకే.

కాబట్టి మొదటి వేణువుకు ముప్పావు అంగుళం పీవీసీ ముక్క చాలు. ఒక కొనకు బిరడా బిగించాలి. వెదురుకు కాల్చిన చువ్వతో రంధ్రాలు పెట్టినట్టు దీనికి పెట్టొద్దు, కాలితే విషవాయువు వస్తుంది. డ్రిల్లు వాడండి. రంధ్రం పెద్దదైతే స్వరం పెరుగుతుంది, మళ్లీ తగ్గించడం కష్టం. చిన్నగా మొదలుపెట్టి, శ్రుతి చూసుకుంటూ ఆకురాయితో కొంచెం కొంచెంగా పెంచుకోండి.