నీటిని గాజుగా నిలిపిన పటకారు

ప్రొటీన్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడటానికి నీరే పెద్ద చిక్కు. యంత్రం లోపలి శూన్యంలో నీరు ఆవిరైపోతుంది, ప్రొటీన్ ఆకారం చెడిపోతుంది. పోనీ గడ్డకట్టిద్దామంటే మంచు స్ఫటికాలు నమూనాను పాడుచేస్తాయి.

స్ఫటికం కట్టాలంటే నీటి అణువులు వరుసగా సర్దుకోవాలి. ఆ వ్యవధే ఇవ్వకపోతే? జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జాక్ దుబోషే, అలస్డెయిర్ మెక్‌డోవల్ ఆ దారి పట్టారు. 1981లో నీటిని స్ఫటికాలు లేకుండా గాజులా బిగించి చూపారు. 1984కల్లా దుబోషే బృందం వైరస్‌లను ఆ గాజునీటిలోనే చిత్రించింది.

వాళ్ల సాధనం చూడటానికి సాదాది. నిలువు కడ్డీ, దాని కొసన పటకారు, పటకారులో 3 మిల్లీమీటర్ల గుండ్రని జాలీ లాంటి గ్రిడ్. గ్రిడ్ మీద నమూనా చుక్క వేసి వడపోత కాగితంతో అద్దుతారు. సుమారు 100 నానోమీటర్ల పొర మిగులుతుంది. కడ్డీని వదలగానే గ్రిడ్ ద్రవ ఈథేన్‌లో మునుగుతుంది. సెకనుకు లక్ష డిగ్రీలకు పైబడిన వేగంతో నీరు చల్లబడుతుంది.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఉండగా ఈథేన్ ఎందుకు? కాలిన పెనం మీద చిలకరించిన నీటిచుక్క ఆవిరి పొర మీద తేలుతూ పరుగులు తీస్తుంది, వెంటనే ఇగిరిపోదు. నైట్రోజన్‌లో ముంచిన గ్రిడ్ చుట్టూ అలాంటి ఆవిరి పొరే కమ్మి చలిని అడ్డుకుంటుంది. ఈథేన్ మరిగేది మైనస్ 89 దగ్గర. నైట్రోజన్‌తో బాగా చల్లబరిస్తే అది మరిగే స్థాయికి చాలా దూరంగా ఉంటుంది, ఆవిరి పొర కట్టదు. అందుకే దాన్ని అలా చల్లబరిచి వాడతారు.

తర్వాత తేమను, ఉష్ణోగ్రతను అదుపుచేసే స్వయంచాలక యంత్రాలు వచ్చాయి. కాగితం అద్దకం మాత్రం పోలేదు. నమూనాలో 99.9 శాతానికి పైగా కాగితానికే పోయేది. పైగా అద్దకానికి పట్టే కొద్ది సెకన్లలో ప్రొటీన్లు నీటి ఉపరితలాన్ని తాకి దెబ్బతినేవి.

2019లో టొరంటోలో జాన్ రూబిన్‌స్టీన్ బృందం గదుల్లో తేమ చిమ్మే అల్ట్రాసోనిక్ పరికరం భాగాలనే తీసుకుని కొత్త సాధనం కట్టింది. అది ప్రొటీన్ ద్రావణాన్ని గ్రిడ్ మీద చల్లుతుంది. గ్రిడ్ కమ్మీల మీది నానో తీగలు అదనపు నీటిని పీల్చేస్తాయి. చల్లడం నుంచి గడ్డకట్టడం దాకా పదుల మిల్లీసెకన్లే. నడిపేది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. సాధనం నిర్మాణ పటాలు అందరికీ తెరిచే ఉంచారు.

గడ్డకట్టించిన నమూనాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసే విద్యకు 2017లోనే నోబెల్ దక్కింది. కోట్ల రూపాయల సూక్ష్మదర్శిని చూడగలిగేది, ఈ చిన్న సాధనం చెడకుండా అందించిన నమూనానే. పరికరాలు కట్టే చేతులకూ విజ్ఞానంలో సమానమైన చోటుందని మన విద్యార్థులు గుర్తించాలి.